గూగుల్ ఫారం తెరిచే ముందు: బెంగళూరులో ఉద్యోగం చేస్తూ చిన్న పరిశోధన చేయడం ఎలా

ఎంబీఏ ప్రాజెక్టు కావచ్చు, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కావచ్చు, ఒక పేపర్ రాసి చూద్దామన్న సరదా కావచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళలో చాలామంది మొదలుపెట్టే తీరు ఒకటే. శనివారం సాయంత్రం గూగుల్ ఫారంలో పాతిక ప్రశ్నలు రాస్తారు. "ఫ్రెండ్స్, ప్లీజ్ ఫిల్, టూ మినిట్స్ ఓన్లీ" అని కాలేజీ బ్యాచ్ గ్రూపులో, పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో పడేస్తారు. సోమవారానికి వందో నూటయాభయ్యో జవాబులు వస్తాయి. వాటితో ఏం తేలిందో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు, ఎందుకంటే ఏం తేల్చాలో ముందు అనుకోలేదు.

కాబట్టి మీరు ఆ ఫారంను చివరికి నెట్టేయండి. అసలు అవసరమే పడకపోవచ్చు కూడా.

సాఫ్ట్‌వేర్, ఐటీ, మేనేజ్‌మెంట్, సమాజం అని నాలుగు పేర్లు విడివిడిగా ఉన్నా, మన చుట్టూ దొరికే మంచి ప్రశ్నలు ఈ నాలుగూ కలిసే చోటే ఉంటాయి. ఇక్కడ ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం: ఆన్-కాల్ డ్యూటీ. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోను మోగేది ఎవరికి, ఎందుకు అన్నది సాఫ్ట్‌వేర్ సంగతి. రోటా, అంటే డ్యూటీ వంతుల పట్టిక, ఎవరు వేస్తారు, మర్నాడు కాంప్-ఆఫ్ (బదులు సెలవు) ఇస్తారా అన్నది మేనేజ్‌మెంట్ సంగతి. ఆ మోతకు పక్కన పడుకున్న పసిబిడ్డ లేస్తే ఎవరు జోకొడతారు అన్నది సమాజం సంగతి.

మొదటి పని: ప్రశ్నను చిన్నది చేయడం

"ఐటీ ఉద్యోగుల్లో ఒత్తిడి: ఒక అధ్యయనం" అనే శీర్షిక ఎక్కడ కనబడినా పక్కన పెట్టేయండి. అది ప్రశ్న కాదు, అటక. ఏదైనా పడేయొచ్చు, ఏదీ దొరకదు.

చిన్నది చేయడానికి నాలుగు సంగతులు తేల్చుకోవాలి. ఎవరి గురించి? ఎక్కడ? ఎప్పుడు? దేనితో పోల్చి? మన ఉదాహరణలో ఇలా రాసుకోవచ్చు: "మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో ఉంటూ ప్రొడక్షన్ సపోర్ట్ చేసే తెలుగు ఇంజనీర్లకు, ఆన్-కాల్ వారంలో నిద్ర, ఇంటిపని పంపకం మామూలు వారంతో పోలిస్తే ఎంత మారుతున్నాయి?" వాక్యం కాస్త పొడుగే. కానీ దీనికి జవాబు వెతకడానికి సోమవారం నుంచి ఏం చేయాలో మీకు తెలుస్తుంది. అదే పరీక్ష. ప్రశ్న చదవగానే చేయాల్సిన పని కళ్ళకు కట్టకపోతే ఇంకా చిన్నది చేయండి.

ఇంకో పరీక్ష ఉంది. జవాబు మీరు అనుకున్నదానికి రివర్స్‌లో వచ్చే అవకాశం ఉందా? "ఆన్-కాల్ వల్ల నిద్ర పాడవుతుందా" అని అడిగితే అవుననే వస్తుంది, దానికి పరిశోధన ఎందుకు? "నిద్ర చెడగొట్టేది ఫోను మోగడమా, మోగుతుందేమో అన్న టెన్షనా?" అని అడిగితే ఫలితం ఎటైనా పోవచ్చు. పైగా రెండు జవాబులకూ మేనేజరు చేయాల్సిన పని వేరు. మోగడమే సమస్య అయితే పనికిరాని అలారాలు తగ్గించాలి. టెన్షన్ సమస్య అయితే అలారాలు తగ్గించినా పెద్దగా లాభం లేదు, రోటాలో మనుషులను పెంచాలి. నా మట్టుకు ఇలాంటి ప్రశ్న దొరికిన రోజే సగం పని అయిపోయినట్టు.

రెండో పని: ముందే ఎవరేం రాశారో చూడటం

గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టండి, కానీ అక్కడితో ఆగకండి. భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతాయి. దాన్ని గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. బెంగళూరు ఐటీ ఉద్యోగుల మీద అక్కడ బోలెడు థీసిస్‌లు ఉన్నాయి. నాణ్యత ఒక్కో దానిది ఒక్కో రకం. వాటిలో మొదటి అధ్యాయాల కంటే చివర్న ఉండే ప్రశ్నపత్రం, పరిమితుల గురించి రాసిన రెండు పేజీలు ఎక్కువ పనికొస్తాయి. ఇతరులు ఎక్కడ ఇరుక్కున్నారో అక్కడే తెలుస్తుంది.

సామాజిక శాస్త్రాల వైపు ఈ నగరంలోనే మంచి చోటు ఉంది. నాగరభావిలోని ఐసెక్ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ చేంజ్), 1972లో ఆర్థికవేత్త వీకేఆర్‌వీ రావు స్థాపించిన సంస్థ. వలస, శ్రమ, పట్టణ జీవితం లాంటి వాటిమీద అక్కడి పరిశోధకులు రాసిన వర్కింగ్ పేపర్లు ఇంట్లో కూర్చునే చదవొచ్చు. లైబ్రరీకి వెళ్ళాలనుకుంటే బయటివాళ్ళను ఏ షరతుల మీద రానిస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. మారతహళ్ళి నుంచి నాగరభావి అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు.

డబ్బు కట్టి చదవాల్సిన పేపర్ ఎదురైతే కార్డు తీయకండి. అదే పేపర్ ముసాయిదా, పేపర్లు ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) సైటులోనో రచయిత సొంత పేజీలోనో ఉండొచ్చు. లేకపోతే రచయితకే రెండు వాక్యాల మెయిల్ రాయండి, చాలామంది పంపుతారు. మీరు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో నమోదై ఉంటే 2025లో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద వేల జర్నళ్ళు మీకు అందుబాటులో ఉంటాయి, మీ లైబ్రరీలో అడగండి. చదివిన ప్రతిదాన్నీ జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో పడేయండి. అది ఉచితం. పేపర్ రాసేటప్పుడు రిఫరెన్సుల జాబితా అదే తయారు చేస్తుంది.

వార్తలు కూడా చదవండి. 2024 జూలైలో ఐటీ ఉద్యోగుల పనిగంటలను రోజుకు 14 దాకా పెంచే ప్రతిపాదన కర్ణాటకలో బయటికొచ్చినప్పుడు ఉద్యోగ సంఘాలు వీధికెక్కాయి. మీరు పనివేళల గురించి అడుగుతున్నప్పుడు, ఎదుటివాళ్ళ మనసులో ఆ గొడవ ఇంకా ఉండొచ్చు.

ఏఐ చాట్‌బాట్‌ను "ఈ విషయం మీద పది పేపర్లు చెప్పు" అని అడిగితే చెబుతుంది. కొన్ని లోకంలో లేనివి చెబుతుంది. మీరు స్వయంగా తెరిచి చదవని పేపర్ మీ జాబితాలో ఒక్కటీ ఉండకూడదు.

మూడో పని: పద్ధతి ఎంచుకోవడం

ఆన్-కాల్ ప్రశ్నకు మూడు దారులున్నాయి: కంపెనీ అలారాల లాగ్, ఇంటర్వ్యూ, డైరీ.

లాగ్ చూస్తే నోరూరుతుంది. అలారం ఎప్పుడు మోగింది, ఎంత తీవ్రత, ఎన్ని నిమిషాల్లో అందుకున్నారు, చివరికి ఏమైనా చేయాల్సి వచ్చిందా అనేవన్నీ అందులో ఉంటాయి. కానీ అది మీది కాదు, కంపెనీది. మీరు సంతకం పెట్టిన ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) ఒకసారి తీసి చదవండి. మేనేజరు నోటిమాటగా "సరే కానీ" అంటే చాలదు, రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకుండా ఆఫీసు ల్యాప్‌టాప్ నుంచి ఒక్క ఫైలు కూడా సొంత మెయిల్‌కు పంపకండి. పేపర్ కోసం ఉద్యోగం పోగొట్టుకున్నారని అనిపించుకోవద్దు. అనుమతి రాకపోతే ఆ దారి వదిలేయండి, మిగతా రెండూ చాలు.

నా ఓటు డైరీకి. పదిహేను, ఇరవై మందిని ఒప్పించి, ఒక ఆన్-కాల్ వారం, ఒక మామూలు వారం, రోజూ ఉదయం ఐదు చిన్న సంగతులు వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపమనండి. ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు మోగింది, ఎన్నిసార్లు ల్యాప్‌టాప్ తెరిచారు, ఎప్పుడు లేచారు, పొద్దున ఇంటిపని ఎవరు చేశారు. ఇక్కడ ఒకే మనిషిని అదే మనిషితో పోలుస్తున్నారు కాబట్టి "వీళ్ళ జీతం వేరు, వాళ్ళ వయసు వేరు" అన్న తలనొప్పి చాలావరకు తప్పుతుంది. రెండొందల మంది నింపిన ఫారం ఇవ్వలేని సంగతి ఇరవై మంది డైరీలు ఇస్తాయి.

తేదీలు చూసి పెట్టుకోండి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 9 అంటే వేసవిలో మనకు రాత్రి 9.30, చలికాలంలో 10.30. అక్కడ మార్చిలోను, నవంబరులోను గడియారాలు మార్చే వారంలో డైరీలు పెడితే ఆ గంట తేడాను మీరు నిద్ర తేడాగా రాసేస్తారు. అలాగే 2024 జూలై 19 లాంటి రోజు తగిలితే, అంటే క్రౌడ్‌స్ట్రయిక్ అప్‌డేట్‌తో 85 లక్షల దాకా విండోస్ యంత్రాలు పడిపోయిన శుక్రవారం లాంటిది తగిలితే, ఆ వారాన్ని విడిగా చూపించండి. దాన్ని మామూలు ఆన్-కాల్ వారం అనలేం.

దీపావళి, సంక్రాంతి వారాలు కూడా వద్దు. మడివాళలో ఊరి బస్సెక్కిన మనిషి డైరీ రాయడు.

నాలుగో పని: మనుషులను ఎంచుకోవడం

ఎంతమందిని అడిగారన్న చోట, ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ 385 అనో 400 అనో ఒక అంకె ఉంటుంది. 385 ఎక్కడిదంటే, 95 శాతం నమ్మకం, 5 శాతం పొరపాటు హద్దు అనుకుని, సగం సగం చీలిక ఉందనుకుంటే 1.96 వర్గాన్ని 0.25తో గుణించి 0.0025తో భాగిస్తే 384 చిల్లర వస్తుంది. జనాభా బాగా పెద్దదైనప్పుడు ఇదే లెక్కకు వాడే యమానే సూత్రం 400 దగ్గర ఆగుతుంది. ఈ లెక్కలకు ఒక షరతు ఉంది: జనాభాలో ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం ముందే తెలిసి ఉండాలి, ఎంపిక లాటరీలా జరగాలి. బెంగళూరు తెలుగు సపోర్ట్ ఇంజనీర్ల జాబితా ఎవరి దగ్గరా లేదు. జాబితా లేనప్పుడు లాటరీ లేదు, లాటరీ లేనప్పుడు ఆ 385 గొప్ప కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసి 385 పూర్తి చేశామని రాయడం కంటే, తెలిసినవాళ్ళ ద్వారా 20 మందిని పట్టుకున్నామని ఉన్నదున్నట్టు రాయడం మేలు.

తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళడంలో ఇబ్బంది లేకపోలేదు. మన పరిచయాలు ఊరు, కాలేజీ, కులం గీతల వెంటే పోతాయి. ఒక్కడి నుంచి మొదలుపెడితే పదో మనిషి కూడా అదే జిల్లా, అదే ఇంజనీరింగ్ కాలేజీ అవుతాడు. అందుకని మొదలుపెట్టే మనుషులనే వేర్వేరు చోట్ల నుంచి తీసుకోండి, ఒక్కొక్కరి ద్వారా ఇద్దరికి మించి వద్దు. ముందే కాగితం మీద గళ్ళు గీసుకోండి: సర్వీసు కంపెనీ, ప్రొడక్ట్ కంపెనీ, విదేశీ కంపెనీల సొంత సెంటర్లు. పెళ్ళయినవాళ్ళు, కానివాళ్ళు. ఆడవాళ్ళు, మగవాళ్ళు. ఇంకో గడి చాలామంది మరిచిపోతారు, థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే వేరే ఏజెన్సీ జీతం మీద పనిచేసేవాళ్ళు. ఒకే రోటాలో ఒకే అలారానికి లేచినా కాంప్-ఆఫ్, అలవెన్సు దగ్గరకొచ్చేసరికి వాళ్ళ రూల్స్ వేరుగా ఉండొచ్చు. ఆ గడి ఖాళీగా వదిలేస్తే మీ పరిశోధనలోని సామాజిక కోణం సగం మాయమైనట్టే.

ఐదో పని: అడగడం

ముందు అనుమతి. ఎందుకు అడుగుతున్నారు, జవాబులు ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చు అన్న నాలుగు సంగతులు తెలుగులో అరపేజీ రాసి ఇవ్వండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత ఇది మర్యాద స్థాయి దాటింది. నిద్ర, ఆరోగ్యం గురించి అడుగుతున్నారు కాబట్టి, మీరు ఏదైనా కాలేజీలో నమోదై ఉంటే అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతి డైరీలు మొదలుపెట్టక ముందే తీసుకోండి. తర్వాత తీసుకుంటే చెల్లదు.

ప్రశ్నలు జరిగిన పని గురించి ఉండాలి, అభిప్రాయం గురించి కాదు. "కంపెనీ ఆన్-కాల్ విధానం వల్ల మీకు ఒత్తిడి కలుగుతోందా?" అంటే ఒకడు కోపంతో, ఇంకొకడు మొహమాటంతో జవాబిస్తాడు. ఇలా అడగండి: "పోయిన ఆన్-కాల్ వారంలో రాత్రి 11 నుంచి ఉదయం 6 లోపు ఫోను ఎన్నిసార్లు మోగింది? అందులో నిజంగా మీరు చేయాల్సిన పని ఎన్నిసార్లు ఉంది? మర్నాడు ఎన్నింటికి లాగిన్ అయ్యారు? పాపను స్కూలు బస్సు ఎవరు ఎక్కించారు?" ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలపొద్దు. "జీతం, పని వాతావరణం బాగున్నాయా" అంటే దేనికి తల ఊపాడో మీకు తెలియదు.

తయారుగా ఉన్న కొలమానాలు వాడాలనుకుంటే చూసి వాడండి. బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసిపోవడాన్ని కొలిచే మస్లాక్ బర్నౌట్ ఇన్వెంటరీ 1981 నుంచి ప్రసిద్ధం, కానీ దాన్ని వాడటానికి డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీ ఉచితం. నిద్రకు ఎక్కువమంది వాడేది 1989 నాటి పిట్స్‌బర్గ్ సూచిక. అది గడిచిన నెల మొత్తం గురించి అడుగుతుంది, మీకేమో వారానికీ వారానికీ తేడా కావాలి. పేరున్న కొలమానం కదా అని పెట్టేస్తే మీ ప్రశ్నకు జవాబు రాదు. తెలుగులోకి మారుస్తున్నట్లయితే, ఇంగ్లిష్ మూలాన్ని చూడని ఇంకొకరితో దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంటర్వ్యూలు ఆఫీసు కెఫెటేరియాలో పెట్టకండి. పక్క టేబుల్లో ఎవరున్నారా అని చూసుకుంటూ చెప్పే మాటలు మీకు పనికిరావు. టెక్ పార్క్ గేటు దాటి వచ్చాక టీ కొట్టు, ఆదివారం పదకొండు దాటాక పీజీ టెర్రస్, ఇంట్లో అయితే భోజనాలకు ముందు. ఆంధ్రా మెస్‌లో మాత్రం వద్దు, రికార్డింగులో గిన్నెల చప్పుడే మిగులుతుంది. ఒకే రోజున వైట్‌ఫీల్డ్‌లో ఒకటి, ఎలక్ట్రానిక్ సిటీలో ఒకటి పెట్టుకుంటే రెండోదానికి మీరు చేరేసరికి అవతలివాళ్ళు బయటికి వెళ్ళిపోతారు.

భార్యాభర్తలను కలిపి కూర్చోబెడితే ఇంటిపని గురించి ఇద్దరూ ఒకే మాట చెబుతారు. విడివిడిగా అడిగితే రెండు లెక్కలు వస్తాయి. ఆ తేడానే రాసుకోండి, ఎవరిది నిజమో తేల్చే పని పెట్టుకోకండి. పీజీలో ఉండేవాళ్ళ విషయంలో రూమ్మేట్‌ను కూడా అడగండి. ఒకరి ఆన్-కాల్‌కు ఇద్దరి నిద్ర పోతోందా అన్నది కంపెనీ లాగుల్లో దొరికేది కాదు.

వాళ్ళు మాట్లాడే తెలుగులోనే, అది అనంతపురం యాస అయినా శ్రీకాకుళం యాస అయినా, విన్నది విన్నట్టు రాసుకోండి. పేపర్‌లో ఉటంకించే వాక్యాలను మాత్రమే ఇంగ్లిష్‌లోకి మార్చండి. రికార్డింగ్ విన్న రాత్రే రాయండి, వారం ఆగితే ఎవరిది ఏ గొంతో కలిసిపోతుంది.

అసలు పని మొదలుపెట్టే ముందు ముగ్గురి మీద ప్రయత్నించి చూడండి. ఆ ముగ్గురి జవాబులు లెక్కలో కలపకండి.

ఆరో పని: లెక్క

ఇక్కడ భయపడాల్సింది పెద్దగా లేదు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ పైరేటెడ్ కాపీ కోసం వెతకొద్దు, జాస్ప్, జామొవి ఉచితం, మౌస్‌తోనే పని జరుగుతుంది. ఇరవై మంది, రెండేసి వారాలు అయితే సగటు కంటే మధ్యగతం (వరుసలో మధ్యన పడే విలువ) చూపించండి, ఒకే మనిషి రెండు వారాల మధ్య తేడాలకు విల్కాక్సన్ అనే గణాంక పరీక్ష సరిపోతుంది. అంతకంటే ముందు ఒక్కో మనిషికి ఒక్కో గీత గీసి చూడండి, ఆన్-కాల్ వారం నుంచి మామూలు వారానికి గీత ఎటు వెళ్ళిందో. ఇరవై గీతల్లో పదిహేడు పైకి పోతే చాలావరకు కథ అక్కడే ఉంది. కిందికి పోయిన మూడు గీతలవాళ్ళకు మళ్ళీ ఫోన్ చేయండి. పేపర్‌లో అందరూ చదివే పేరా వాళ్ళ నుంచే వస్తుంది.

పేర్లు తీసేసి కోడ్ పెట్టినంత మాత్రాన గుర్తు దాగదు. "బెళ్ళందూరులో పేమెంట్స్ టీమ్‌లో ఉన్న ఒంగోలు అమ్మాయి" అని రాస్తే ఆమె టీమ్ మొత్తానికీ తెలిసిపోతుంది. ఊరు, టీమ్, పాప వయసు లాంటి మూడు వివరాలు ఒకే చోట రానివ్వకండి.

ఏడో పని: ఎక్కడ వేయించాలి

పూర్తి కాకముందే మీ ఇన్‌బాక్స్‌కు మెయిళ్ళు వస్తాయి: "డియర్ ఎమినెంట్ స్కాలర్, 3 రోజుల్లో ప్రచురణ, ఫీజు ఇంత." అవి దోపిడీ జర్నళ్ళు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద ఇలాంటి వ్యవహారంలోనే 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా తీర్పు ఇచ్చింది. మూడు రోజుల్లో నిజమైన రివ్యూ జరగదు, నెలలు పడుతుంది.

ఇంతకుముందు అందరూ యూజీసీ-కేర్ జాబితా, అంటే యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ళ జాబితా చూసేవారు. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఆపేసింది. ఇంకా "కేర్ లిస్టెడ్" అని చెప్పి డబ్బు అడిగేవాళ్ళు ఉంటే అక్కడే అనుమానించండి. జర్నళ్ళ సూచిక అయిన స్కోపస్‌లో ఉందంటే వాళ్ళ సైటు మాట నమ్మకుండా స్కోపస్ సొంత జాబితాలోనే వెతకండి. ఉచితంగా చదవగలిగే జర్నల్ అయితే అలాంటి జర్నళ్ళ జాబితా డీఓఏజేలో ఉందో లేదో చూడండి. సంపాదక మండలిలో ఇద్దరికి మెయిల్ రాసి, మీరు నిజంగానే అందులో ఉన్నారా అని అడగండి. తమ పేరు అక్కడ ఉన్న సంగతే తెలియనివాళ్ళు ఉంటారు.

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకు ఒక మాట. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించే ముందు పేపర్ వేయించడం తప్పనిసరి కాదు, అయితే మీ విశ్వవిద్యాలయం సొంత రూలు పెట్టుకుని ఉండొచ్చు, అది చూసుకోండి. పార్ట్‌టైమ్ అయితే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ కావాలి, దానికి హెచ్‌ఆర్ చుట్టూ తిరగడం ఇప్పుడే మొదలుపెట్టండి. కాపీ విషయంలో 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా చర్య ఉండదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు.

రివ్యూయర్ల వ్యాఖ్యలు వచ్చాక ఆ రోజే జవాబు రాయకండి, కోపం తగ్గనివ్వండి. తర్వాత ఒక్కో వ్యాఖ్యను అతికించి, దాని కింద ఏం మార్చారో, ఏ పేజీలో మార్చారో రాయండి. ఒప్పుకోనిచోట కారణం చెప్పండి. ఆ గ్యాప్‌లో డైరీలు రాసినవాళ్ళకు తెలుగులో ఒక పేజీ పంపండి, ఏం తేలిందో, వాళ్ళ రోటా విషయంలో అడగదగ్గది ఏమైనా ఉందో. కంపెనీ మేనేజరుకు కూడా ఇవ్వాలనుకుంటే, డైరీలు రాసినవాళ్ళ మాటలున్న పేరాలు ముందు వాళ్ళకే చూపించి, సరేనన్నాకే ఇవ్వండి.